పుస్తకాల సంచి మోసినవారు

ఈ శతాబ్ది సంచికలో మన ప్రాంతపు క్రైస్తవ గ్రంథ ప్రచురణను గురించి వ్రాయవలసిందని పెద్దలు కోరినప్పుడు, మేము మొదట చేసిన పని మన ఇళ్ళలోని పాత ట్రంకుపెట్టెలు తెరిపించడం. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు, తిరుపతి ప్రాంతాలలో తాతల నాటి క్రైస్తవ కుటుంబం ఏదైనా సరే, అటువంటి పెట్టె ఒకటి ఉంటుంది. అందులో అట్ట ఊడిన బైబిలు, మొదటి పేజీలు లేని కీర్తనల పుస్తకం, చెదలు తిన్న అంచులు. బైబిలు మొదట్లోనో చివర్లోనో ఉన్న ఖాళీ కాగితం మీద సిరాతో వ్రాసిన పుట్టుకలు, బాప్తిస్మాలు, పెండ్లిండ్లు, మరణాలు. ప్రభుత్వ రిజిస్టరులో దొరకని తేదీలు ఆ కాగితం మీద దొరుకుతాయి.

ఆ పుస్తకాల ముఖపత్రం మీద అచ్చువేయించిన సొసైటీ పేరు ఉంటుంది. అచ్చుకూటం పేరు, మద్రాసు అనే ఊరి పేరు, సంవత్సరం ఉంటాయి. కొన్నవారి పేరు సిరాతో ఉంటుంది. మద్రాసులో అచ్చయిన పుస్తకాన్ని మన పల్లె గుమ్మం దాకా మోసుకొచ్చినవారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మిషను చరిత్రలు వ్రాసినవారు దొరలను లెక్కపెట్టారు, అచ్చుకూటాలను లెక్కపెట్టారు, అచ్చయిన ప్రతులను లెక్కపెట్టారు. కాళ్ళను లెక్కపెట్టలేదు. తెలుగు బైబిలు అచ్చువేయగల ముద్రణాలయం చిత్తూరులో గాని, మదనపల్లెలో గాని ఎన్నడూ లేదు. కాబట్టి మన ప్రాంతంలో క్రైస్తవ పుస్తక చరిత్ర అంటే అచ్చు చరిత్ర కన్న నడక చరిత్రే ఎక్కువ అని మా అభిప్రాయం.

అచ్చు మనదాకా రాకమునుపు

తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు తెలుగుదేశంలో అచ్చు కాలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను లూథరన్ మిషనరీ తరంగంబాడి నుండి 1726లో మద్రాసు వచ్చి, అక్కడ తెలుగు నేర్చుకొన్నారు. క్రొత్త నిబంధనను, తరువాత పాత నిబంధనను తెలుగు చేశారు. 1732 నాటికి ఆ పని ముగిసింది. కాని అచ్చువేయడానికి తెలుగు అక్షరాలే లేవు. ఇన్నేళ్ళ శ్రమ వ్రాతప్రతిగానే ఉండిపోయింది. ఆయన స్వదేశం చేరిన తరువాత హాలె నగరంలో 1746, 1747 సంవత్సరాలలో చిన్న ప్రశ్నోత్తర బోధిని మొదలైన కొన్ని చిన్న పుస్తకాలను తెలుగు అక్షరాలలో అచ్చువేయించారు. అచ్చయిన ఊరిలో వాటిని చదవగలిగినవారు ఆయన తప్ప ఇంకెవరుంటారు? పుస్తకం ఉంది, చదువరి లేడు. చదువరులున్న దేశానికి మోసే దారి లేదు. మన కథ ఈ కొరతతోనే మొదలైంది.

తరువాతి అధ్యాయం బెంగాలులోని శ్రీరామపురంలో జరిగింది. అక్కడ కేరీ గారి అచ్చుకూటానికి 1812 మార్చిలో నిప్పంటుకొని అనేక భాషల అక్షరాలు, కాగితం, వ్రాతప్రతులు బూడిదయ్యాయి. మళ్ళీ అక్షరాలు పోతపోసి 1818లో తెలుగు క్రొత్త నిబంధనను వెలువరించారు. అంతకు ముందే, 1805లో లండను మిషను తరఫున విశాఖపట్టణం వచ్చిన క్రాన్, డేగ్రాంజెస్ గారలు సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. వీరికి తోడుగా నిలిచినవారు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ గారు 1809లో, డేగ్రాంజెస్ గారు 1810లో కన్నుమూశారు. తరువాత ప్రిచెట్ గారు ఆ పనిని ముందుకు సాగించి మద్రాసులో క్రొత్త నిబంధనను అచ్చువేయించారు. ఇందులో మేము గుర్తించవలసినది ఒకటున్నది. తెలుగు బైబిలు తొలి చరిత్రలో పేరు మిగిలిన తెలుగు తోడ్పాటుదారులు ఎందరని వెదికితే వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆనందరాయరు వారిలో ఒకరు. ఇతర పండితులు, మున్షీలు అందరూ ‘ఒక మున్షీ సహాయంతో’ అనే మూడు మాటలలో కలిసిపోయారు.

రాయలసీమ వైపు లండను మిషనువారే బళ్ళారిలో 1810 నుండి, కడపలో 1822 నుండి పనిచేశారు. బళ్ళారి క్రైస్తవుల ‘సత్యదూత’ 1835లో వెలువడింది. తెలుగు పత్రికలలో తొలిది అదేనని పలువురు చరిత్రకారులు చెబుతారు. అచ్చుకూటాలపై ఉన్న ఆంక్షలను ప్రభుత్వం సడలించిన సంవత్సరం కూడా 1835 కావడం గమనించదగినది.

మద్రాసు వేపేరిలోని అచ్చుకూటం కథ వినదగినది. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొన్నప్పుడు ఫ్రెంచివారి అచ్చుయంత్రం యుద్ధపు కొల్లగా మద్రాసు చేరింది. ప్రభుత్వపు అచ్చుపని కావలసినప్పుడు చేసిపెట్టాలనే షరతు మీద దానిని వేపేరిలోని ఫబ్రీషియస్ గారికి అప్పగించారు. అట్లు యుద్ధంలో దొరికిన యంత్రం మీద సువార్త అచ్చయింది. వేపేరిలో క్రైస్తవ జ్ఞాన సంఘం వారి అచ్చుకూటంలోనే సి. పి. బ్రౌన్ దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కడపలో కాపురముండి మన సీమ పండితులతో వేమనను, భారతాన్ని పరిష్కరింపజేసిన బ్రౌన్ దొరగారి పుస్తకం మిషను అచ్చుకూటంలో అచ్చు కావడం ఆ రోజుల పరిస్థితిని తెలుపుతుంది. తెలుగు అచ్చు అంటే వత్తులు, గుణింతాలు అన్నిటికీ వేరువేరు సీసపు అచ్చులు కావాలి. కంపోజిటరు ముందు పెట్టె ఇంగ్లీషు పెట్టెకు ఎన్నో రెట్లు. అంత పెట్టుబడి పెట్టి, నష్టానికి ఓర్చి నడిపే ఓపిక ఆ రోజుల్లో ప్రభుత్వానికీ, మిషనులకూ తప్ప బహుకొద్దిమందికే ఉండేది. 1854లో వావిళ్ళవారు మద్రాసులో ముద్రణాలయం పెట్టారు. రామాయణం కావలసిన చిత్తూరువారూ, బైబిలు కావలసిన చిత్తూరువారూ ఆ తరువాత చాలాకాలం మద్రాసు వైపే చూశారు.

మెథడిస్టుల పద్ధతి

మెథడిస్టులు మన జిల్లాలో పెద్ద మిషను నడపలేదు గదా, వారి ప్రసక్తి ఎందుకని కొందరు అడగవచ్చు. దీనికి రెండు సమాధానాలున్నాయి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, బ్రిటీషు మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు ఒకే శరీరమయ్యారు. మదనపల్లె, చిత్తూరులలో ఆర్కాటు మిషను నాటిన సంఘాలు 1908 నుండే ఐక్య సంఘంలో ఉండినవి. కనుక వెస్లీ గారి వారసత్వం మనకు పొరుగింటిది కాదు, మన ఇంటిదే. అమెరికను మెథడిస్టులు మాత్రం ఆ కలయికలో చేరక ప్రత్యేక సంఘంగానే ఉన్నారు. వారి కోలారు మిషను పలమనేరు, కుప్పం సరిహద్దుకు దగ్గరలోనిదే. ఇక రెండవది, మాకు ముఖ్యమైనది, పుస్తకం అమ్మడం అనే పనిని సేవగా గుర్తించి పద్ధతిలో పెట్టినవారిలో వారు ముందుంటారు.

జాన్ వెస్లీ గారు 1739లో లండనులో ఒక పాడుపడిన ఫిరంగుల కొలిమిని తీసుకొని ప్రార్థనాలయంగా మార్చారు. అందులోనే ఒక గది పుస్తకాలకు కేటాయించారు. పండితులు చదివే లావుపాటి గ్రంథాలను కుదించి, గనిపనివారు, నేతపనివారు కొనగలిగిన ధరకు చిన్న పుస్తకాలుగా వేశారు. 1749 నుండి 1755 వరకు 50 సంపుటాల ‘క్రైస్తవ గ్రంథాలయం’ వెలువరించారు. 1778లో మాసపత్రిక మొదలుపెట్టారు. వచ్చిన లాభాన్ని తాను అనుభవించక సంఘపు పనికే వినియోగించారు. ప్రతి బోధకుడూ తన పరిధిలోని సంఘాలకు పుస్తకాల కొరత లేకుండా చూడాలన్నది వారి నియమం. అంటే బోధకుడే పుస్తక విక్రేత.

అమెరికాలో 1789లో ఫిలడెల్ఫియాలో మెథడిస్టు పుస్తక సంస్థ మొదలైనప్పుడు దానికి మూలధనం జాన్ డికిన్స్ అనే బోధకుడు తాను కూడబెట్టుకొన్న సొమ్ములోనుండి ఇచ్చిన సుమారు 600 డాలర్ల అప్పు. గుర్రాల మీద అడవులు దాటి తిరిగే బోధకులు జీను సంచులలో బైబిలుతో పాటు అమ్మకపు పుస్తకాలు కూడా వేసుకొని వెళ్ళేవారు. మిగిలిన లాభం ముసలి బోధకుల, విధవరాండ్ర పోషణకు వెళ్ళేది. పుస్తకం మోసినవాని వార్ధక్యాన్ని పుస్తకమే పోషించే ఏర్పాటు ఇది. మన దేశంలో ఇటువంటి ఏర్పాటు ఇంకా గట్టిగా జరిగి ఉండవలసిందని మాకు తోస్తుంది.

మన దేశంలోనూ మెథడిస్టులు ముందుగా యంత్రం సంపాదించేవారు. అమెరికను మెథడిస్టులు 1861లో బరేలీలో అచ్చుకూటం పెట్టి, 1866లో దానిని లక్నోకు మార్చారు. వెస్లియన్ మిషనువారి బెంగుళూరు అచ్చుకూటంలో రీవ్ గారి కన్నడ నిఘంటువు సవరించిన ప్రతి 1858లో అచ్చయింది. తరువాత మైసూరులోనూ వారి అచ్చుకూటం నడిచింది. మద్రాసు మౌంటు రోడ్డులో అమెరికను మెథడిస్టుల ప్రచురణాలయం పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో పేరు గడించింది. ఇరవయ్యవ శతాబ్దంలో మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ గారు భారతదేశపు అనుభవంతో 1925లో ప్రచురించిన ‘క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్’ ప్రపంచమంతటా చదివిన పుస్తకం. 1935లో అమెరికాలోని నాష్‌విల్ మెథడిస్టులు ప్రారంభించిన ‘అప్పర్ రూమ్’ అనుదిన ధ్యాన పుస్తకం తెలుగుతో సహా అనేక భాషలలోకి వచ్చింది. తెల్లవారి దీపం దగ్గర ఆ చిన్న పుస్తకం చదివిన ఇళ్ళు మన సంఘాలలో ఉన్నాయి. అది మెథడిస్టులదని చాలామందికి తెలియదు, తెలియవలసిన అవసరమూ వారికి రాలేదు.

తెలుగు పుస్తకాలకు మాత్రం అన్ని మిషనులూ కలిసి ఒక బావి నీళ్ళే తాగాయని చెప్పవచ్చు. మద్రాసు ట్రాక్టు సొసైటీ 1818లోనూ, బైబిలు సొసైటీ శాఖ 1820లోనూ వెలిశాయి. పాఠశాల పుస్తకాల కోసం 1858లో ఏర్పడిన సంఘం 1891లో క్రైస్తవ సాహిత్య సంఘంగా పేరు మార్చుకొన్నది. దీని వెనుక జాన్ మర్డోక్ గారి పట్టుదల ఉంది. ఆయన 1904లో మరణించేవరకు దేశమంతా తిరుగుతూ, ఏ భాషలో ఏ పుస్తకం లేదో చూసి వ్రాయించి, అతి తక్కువ ధరకు అందించడమే జీవితంగా పెట్టుకొన్నారు. పార్కుటౌన్ మెమోరియల్ హాలు ఆవరణ మన పెద్దలకు పుస్తకాల యెరూషలేము వంటిది.

మదనపల్లె నుండి గోదావరి దాకా

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఆర్కాటు మిషనును 1853లో స్కడ్డర్ సోదరులు ప్రారంభించారు. అప్పటికి చిత్తూరు, మదనపల్లె వేరు జిల్లా కావు. చిత్తూరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండినవి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. తొలి మిషనరీలకు తమిళమే ప్రధానం. హెన్రీ మార్టిన్ స్కడ్డర్ గారు బజారు బోధకుల కోసం తమిళంలో వ్రాసిన ‘బజారు పుస్తకం’ 1869లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. మిషనుకు తెలుగు గొంతు ఇచ్చినవారు జేకబ్ ఛాంబర్లెయిన్ గారు.

ఆయన 1835లో అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టి, 1860లో మద్రాసులో దిగి, 1863లో మదనపల్లెలో స్థిరపడ్డారు. వైద్యుడు, బోధకుడు, భాషాపండితుడు. మదనపల్లెకు వచ్చిన ఆ ఏడే నలుగురు స్వదేశీ సహాయకులతో, బండ్లలో సువార్త పుస్తకాలు, కరపత్రాలు, మందులు వేసుకొని నిజాము రాజ్యం గుండా గోదావరి దాటి ఉత్తరానికి సాగిపోయారు. సుమారు 1,200 మైళ్ళు, దాదాపు అయిదు నెలలు. దారిలో జ్వరాలు, పులులు, వానలు. గోదావరి వరదలో దారి మూసుకుపోయి, చీకటి పడబోయే వేళ కట్టు తెగి కొట్టుకువచ్చిన పడవ ఒకటి దొరికి రాత్రికి ప్రాణాలు దక్కిన సంగతిని ఆయన 1896లో అచ్చయిన తమ పులుల అడవి పుస్తకంలో వర్ణించారు.

మేము ఇక్కడ చెప్పదలచినది పులి కథ కాదు. ఒక కోట ఊరిలో జనం ఆయనను పొమ్మని రాళ్ళు పట్టుకొని చుట్టుముట్టారట. రాళ్ళు వేసే ముందు ఒక్క కథ వినండని ఆయన వేడుకొని, క్రీస్తు సిలువ కథ చెప్పారు. వింటూ వింటూ చేతిలోని రాళ్ళు వదిలేశారు. చివరకు ఆయన మీదికి వచ్చినవారే డబ్బులిచ్చి పుస్తకాలు కొన్నారు. ఈ కథను మన బోధకులు చాలామంది ప్రసంగాలలో చెబుతారు. రాళ్ళు పడిపోయిన దగ్గర ఆపేస్తారు. మాకు మాత్రం ఆ చివరి మాటే పెద్దదిగా కనబడుతుంది. కళ్ళనీళ్ళు తుడుచుకొని వెళ్ళిపోవడం వేరు, మొలలోనుండి పైకం తీయడం వేరు.

ఇంకొక ప్రశ్న కూడా ఉన్నది. ఆ నలుగురు సహాయకులు ఎవరు? అదే వాన, అదే జ్వరం, అదే పులి వారికీ ఉన్నాయి. పైగా తిరిగి వచ్చాక వారు అమెరికా వెళ్ళి ప్రసంగాలు చేయలేదు, పుస్తకాలు వ్రాయలేదు. దొరగారి పుస్తకాలు చదివితే వారి సాహసం తెలుస్తుంది గాని, వారి ఇంట్లో భార్యాబిడ్డలు ఆ అయిదు నెలలు ఎట్లు గడిపారో తెలియదు.

1873 నుండి 1894 వరకు ఛాంబర్లెయిన్ గారు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఇరవై ఒక్క సంవత్సరాలు! సంపూర్ణ బైబిలు 1850లలో అచ్చయింది గాని భాష అక్కడక్కడ కుంటుపడేది. విశాఖపట్టణం నుండి లండను మిషను పండితుడు జాన్ హే గారు ఈ పనికి ప్రాణం పోశారు. విశాఖవైపు తెలుగు ఒకటి, నెల్లూరు తెలుగు ఒకటి, మన మదనపల్లె తెలుగు ఒకటి. అన్ని చోట్లా చెల్లే మాట ఏది? గ్రాంథికమే దిక్కయింది. దాని ఫలితం మన నాలుకల మీద నేటికీ ఉన్నది. పొలంలో ‘చెప్పినాడు’, ‘పోతాండాడు’ అనే మనిషి ప్రార్థనకు మోకరించగానే ‘సెలవిచ్చెను’, ‘వెళ్లుచున్నాడు’ అంటాడు. చదువుకొన్నవారు నవ్వుతారు. మేము నవ్వము. తరతరాలు బడి గడప తొక్కనివ్వని మనిషి నోట పండితుల తెలుగు పలికింది ఆ పుస్తకం వల్లనే.

ఛాంబర్లెయిన్ గారు తమ సంఘపు ఆరాధనక్రమాన్ని, పలు కీర్తనలను తెలుగు చేశారు. మదనపల్లెలో పత్రికలు, పుస్తకాలు ఉచితంగా చదువుకొనే గది నడిపారు. తెలుగులో బైబిలు నిఘంటువు సిద్ధం చేయబూనారు గాని, 1902లో పక్షవాతం రావడంతో అది ముగియలేదు. 1908 మార్చి 2న మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించారు.

సంచి, సంత, పైకం

రైలు వచ్చాక పుస్తకాల మూట రావడం తేలికయింది. మద్రాసు నుండి మన సీమ మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. 1890లలో పాకాల మీదుగా మదనపల్లె వైపు, చిత్తూరు వైపు చిన్న పట్టాలు పడ్డాయి. 1877లో తపాలాశాఖవారు వి.పి.పి. పద్ధతి పెట్టాక, చదువు వచ్చిన ఉపదేశులు, బడిపంతుళ్ళు ఇంటినుండే తెప్పించుకోగలిగారు. కాని స్టేషనులో దిగిన మూట పల్లెకు చేరడానికి రైలు పట్టా లేదు, పోస్టాఫీసు లేదు. అక్కడినుండి కాల్పోర్టరు పని మొదలు.

కాల్పోర్టరు అన్న మాట నేటి యువకులకు తెలియదు. పల్లెల్లో ‘బైబిలు అమ్మే అయ్య’ అనేవారు. సొసైటీ ఇచ్చే కొద్దిపాటి జీతం మీద, గుడ్డసంచిలో సువార్త ప్రతులు, కరపత్రాలు, కీర్తనల పుస్తకాలు వేసుకొని, సంతలకు, తిరునాళ్ళకు, చెరువు కట్టల మీద నుండి పల్లెలకు తిరిగేవారు. వాన వస్తే తాను తడిసి సంచిని కప్పుకోవాలి. పెద్ద బైబిళ్ళు బరువు, అమ్మకం తక్కువ. ఒక్కొక్క సువార్త విడిగా వేసిన చిన్న ప్రతి తేలిక, అణా లోపు ధర. బైబిలు స్త్రీలు ఇండ్ల లోపలికి వెళ్ళి చదివి వినిపించి, చదువు నేర్పి, ఆ తరువాత పుస్తకం ఇచ్చేవారు. వారు అడుగుపెట్టగలిగిన గడపలు మగవారికి మూతబడినవి.

అన్నిటికన్న బాగా అమ్మినది కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) మొదలైనవారి కీర్తనలు రాగం, తాళం పేర్లతో సహా అచ్చయి వచ్చాయి. చదవనేర్చినవాడు ఒక్కడు కొంటే చాలు, పల్లె అంతా కంఠస్థం చేసేది. భజన తెలిసిన జనానికి అచ్చుపుస్తకం కొత్త గాని, పాట కొత్త కాదు. పుస్తకం పాతబడి పోయినా పాట పోలేదు. ఆ లెక్కన ఒక్క ప్రతికి చదువరులు ఎందరో ఏ సొసైటీ నివేదిక లెక్కకట్టగలదు?

ఊరికే ఇవ్వాలా, అమ్మాలా అనే వాదం మిషనులలో చాలాకాలం నడిచింది. ఊరికే పంచిన కరపత్రాలు సంతలో పొట్లాలకు పనికివచ్చేవి. డబ్బిచ్చి కొన్న పుస్తకాన్ని చింపరు. తక్కువ ధర పెట్టాలి గాని ధర లేకుండా ఇవ్వరాదన్న మాటే ఇక్కడ నిజమైంది. కాని మా మనసుకు తోచే కారణం ఇంకొకటి ఉన్నది. మన సంఘాలలో ఎక్కువమంది పూర్వికులు ఊరి వెలుపలి వాడలవారు. వారికి ఊరిలో దొరికేదంతా ఎవరో వేసినది, ఎవరో విదిల్చినది. అటువంటి మనిషి గుడ్డకొంగు ముడి విప్పి, కూలి డబ్బులిచ్చి, అచ్చు పుస్తకం ఒకటి తనదిగా చేతిలోకి తీసుకోవడం చిన్న సంగతి కాదు. చదవడం రాకపోయినా కొన్నవారున్నారు, బిడ్డ చదువుతాడని. కాల్పోర్టరు ఆ రాగి డబ్బు తీసుకొన్నప్పుడు ఆ మనిషిని కొనుగోలుదారుగా చూశాడు. పదిమంది ఎదుట ఆ గౌరవం వారికి మరి ఎక్కడ దక్కింది?

తిరుపతి వైపు లూథరను సహోదరుల కథ వేరు. హెర్మన్స్‌బర్గ్ మిషనువారు 1865లో మైలియస్ గారి నాయకత్వాన వచ్చి నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతాలలో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనులు వెళ్ళిపోవలసి రాగా అమెరికను లూథరనులు ఆ బాధ్యత తీసుకొన్నారు. ఆ సంఘమే 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా తిరుపతి కేంద్రంగా నిలిచింది. యాత్రికుల ఊరు కనుక తిరుపతి బజారులో భక్తి పుస్తకాల వ్యాపారం ఏనాడూ పెద్దదే. తాళ్ళపాకవారి రాగిరేకులను పరిష్కరించి 1930లలో అచ్చు ప్రారంభించిన దేవస్థానంవారు, ఆ తరువాత ఎన్నో గ్రంథాలను సామాన్యుడు కొనగల ధరకు ఇస్తూ వచ్చారు. మంచి పని ఎవరు చేసినా చెప్పుకోవాలి. వెస్లీ గారు లండనులో పట్టుకొన్న సూత్రం, ధర తగ్గించు గాని విలువ తగ్గించకు అన్నది, కొండ క్రింది ఊరిలోనూ పనిచేసింది.

మద్రాసు దూరమైన తరువాత

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు మరొక రాష్ట్రపు రాజధాని అయింది. 1960లో తిరుత్తణి కూడా ఆ వైపు వెళ్ళింది. తెలుగు బైబిలు వ్యవహారాలు క్రమంగా సికింద్రాబాదుకు, క్రైస్తవ ప్రచురణలు గుంటూరు, హైదరాబాదు వంటి చోట్లకు వ్యాపించాయి. మన చిత్తూరువారికి మద్రాసు రైలులో పూట ప్రయాణం; హైదరాబాదు రాత్రంతా ప్రయాణం. దూరం పెరిగిన కొద్దీ కొనుగోలు తగ్గింది. సంచి మోసేవారి జీతాలు ఆగిపోయాయి. అమ్మకాలు కన్వెన్షన్ పందిళ్ళ దగ్గరి బల్లలకు చేరాయి. సీసపు అక్షరాలు పోయి ఆఫ్‌సెట్టు వచ్చింది, ఆఫ్‌సెట్టు తరువాత చేతిఫోనులోకే బైబిలు వచ్చింది. ఫోనులో బైబిలు చదివేవారిని మేము తప్పుపట్టము. చూపు తగ్గిన మా వంటివారు అక్షరం పెద్దది చేసుకొని చదువుతున్నాము. కాని ఫోనులో పుట్టుకలు, పెండ్లిండ్లు వ్రాసుకొనే ఖాళీ కాగితం లేదు.

బాధతో ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. పాత పుస్తకాలు చెదల వల్ల పోయినవాటికన్న మన చేతుల మీదుగా పోయినవే ఎక్కువ. ఇల్లు మార్చినప్పుడు, గుడి బీరువా శుభ్రం చేసినప్పుడు, అట్టలేని పుస్తకాలని తూకానికి వేశాము. తాత కూలి డబ్బు పెట్టి కొన్నదాన్ని మనుమడు కిలో లెక్కన అమ్మాడు. ఈ తప్పులో మా వంతు కూడా ఉన్నది. పోయిన పుస్తకంతో ఒక అచ్చుప్రతి మాత్రమే పోదు. దాని ఖాళీ కాగితం మీది చేతివ్రాతకు రెండవ ప్రతి లేదు.

కనుక ఇంట్లో అటువంటి పుస్తకం ఉన్నవారికి మా మనవి: ముందుగా ముఖపత్రం, చేతివ్రాత ఉన్న కాగితాలు ఫోటో తీయించండి. అట్ట ఊడిందని జిగురు, ప్లాస్టిక్ టేపు వేయకండి. టేపు కొన్నేళ్ళకు కాగితాన్ని తినేస్తుంది. మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట, నేలకు ఎత్తుగా పెట్టండి. నెలకొకసారి తెరిచి నీడలో గాలి తగలనివ్వండి.

రెండవ మనవి పేర్లను గురించి. ఈ సంచికలో బిషప్పుల, మిషనరీల, పాస్టర్ల పటాలు వరుసగా వేశాము. వారి పక్కన పుస్తకాల సంచి మోసినవారికి, బైబిలు స్త్రీలకు ఒక పేజీ ఉంచమని సంపాదకులను అడిగాము. వారు సంతోషంగా ఒప్పుకొన్నారు. ఆ పేజీ ప్రస్తుతం ఖాళీగానే అచ్చవుతున్నది. మీ నాయనమ్మకు గాని, తాతకు గాని పుస్తకం అమ్మిన అయ్య పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే, పేరు, ఊరు, ఏ పల్లెలకు తిరిగేవారో ఒక కాగితం మీద వ్రాసి మీ పాస్టరుగారికి ఇవ్వండి. సంవత్సరం తెలియకపోయినా ఫరవాలేదు.